దసరా నూనె

సూరత్ శివారు వడోద్‌లో మా ఫ్లాట్ల సొసైటీ తెలుగువాళ్లు నన్ను టీచర్ అంటారు, లక్ష్మీరాజాన్ని మాస్టర్ అంటారు. నేను కార్పొరేషన్ వారి తెలుగు బడిలో పిల్లల చెవులు మెలిపెట్టి రిటైరైనదాన్ని. ఆయన బడి గడప సరిగా తొక్కినవాడు కాదు. సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మాస్టర్. మీసం మొలిచే వయసులో సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, జోల్వాలో ఒకే కార్ఖానాలో జుట్టు నెరిసేదాకా పనిచేశాడు. ఆయన కథ చెప్పడం నాకు ఇష్టమే. ఆయన మీద కోపం మాత్రం ఇంకా పోలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకూ తేలిక.

సాంచా కిర్రుమంటే చాలు, ఏ మూల ఏ మర అరిగిందో దూరం నుంచే చెప్పేవాడట. ఆయనకు శత్రువు ఒక్కటే, తుప్పు. సూరత్ గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ. దువ్వెన పళ్లలా ఉండి దారాన్ని బట్టకు అదిమే ఉక్కు ఫణికి వానాకాలంలో ఇట్టే తుప్పు పడుతుంది, తెల్ల బట్ట మీద ఎర్రటి చార దిగుతుంది. చార పడితే సేఠ్ మాస్టర్‌ను తిడతాడు. అందుకని ఆయన జేబులో ఎప్పుడూ ఒక నూనె గుడ్డ ఉండేది. ఎక్కడ ఎర్రదనం కనబడితే అక్కడ తుడిచేవాడు.

నూనె పడకూడని చోటు కూడా ఒకటుంది. దారం తెగితే సాంచాను ఆపడానికి ఒక బ్రేకు ఉంటుంది, దానికి తోలు బిగించి ఉంటుంది. ఆ తోలు మీద చుక్క నూనె పడిందా, పట్టు జారిపోతుంది. అలా పడేసిన కార్మికుడి ఏడు తరాలనూ లక్ష్మీరాజం కార్ఖానా మధ్యలో నిలబెట్టి కడిగేవాడని ఆయనతో పనిచేసినవాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటూ చెబుతారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

కార్ఖానా పాత సాంచాలను తుక్కు కింద అమ్మేసి, నీటి ధారతో దారం విసిరి నేసే కొత్త యంత్రాలు తెచ్చుకున్నాక మాస్టర్‌తో పని లేకపోయింది. అప్పటికే భార్య పోయింది. ఉన్నది ఒక్కతే కూతురు, కోమలి. మూడో తరగతిలో నా దగ్గర చదువుకున్న పిల్ల. ఆమె, ఆమె భర్త శరత్ ఆయన్ని తమ ఫ్లాటుకు తెచ్చుకున్నారు. కార్ఖానా నుంచి లక్ష్మీరాజం వెంట తెచ్చుకున్నవి నడుం నొప్పి, పెద్ద సీసాడు సాంచా నూనె.

కూతురింట్లో తిని కూర్చోవడం ఆయనకు మింగుడు పడలేదు. శరత్ మంచివాడే, పల్లెత్తు మాట అనడు. అయినా ఈయన ఖాళీగా కూర్చునేవాడు కాదు. ఫ్యాను, కుట్టు మిషను, తలుపు బందులు, లిఫ్టు గేటు, అన్నీ ఆ సీసాలోని నూనె తాగినవే. మా ఇంటి వంటగది తలుపూ తాగింది. ‘మా మామ చేతిల పడితే పాతదైనా పాట పాడుతది’ అని శరత్ పదిమందిలో అంటే ముసలాయన మొహం వెలిగిపోయేది. ఆ ఇంట్లో తన కంచానికి తన చేతులే జామీను అని ఆయన నమ్మకం. ఎవరూ అడగని జామీను.

కోమలి ఒక ల్యాబు తరఫున ఇంటింటికీ వెళ్లి రక్తం శాంపిళ్లు తెస్తుంది. వానల్లో మోపెడ్ మీద తిరగలేక, భర్తను ఒప్పించి ఓ సెకండ్‌హ్యాండ్ కారు కొనుక్కుంది. నడపడం నేర్చుకున్నప్పుడు సొసైటీ మగవాళ్లు మేడల మీద నుంచి ఎంత వినోదం పొందారో నేను చూశాను. పిల్ల పట్టించుకోలేదు. కొన్న వారంలోనే బ్రేకు ఆయిలు పాతబడి నల్లగా ఉందని మార్పించింది. నిలిచిన నీళ్లలోంచి కారు బయటికి వచ్చాక బ్రేకును మెల్లగా రెండు మూడుసార్లు తొక్కి తడి ఆరబెట్టాలని నాకే చెప్పింది, నేనేదో రేపు కారు కొనబోతున్నట్టు.

దసరా వచ్చింది. మాకు దసరా అంటే పనిముట్ల పండుగ. సాంచాలున్న రోజుల్లో ప్రతి మరనూ తుడిచి, నూనె పట్టించి, కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టేవాళ్లు. ఇప్పుడు సాంచా లేని ఇంట్లో కారుంది. ముందు రోజు సాయంత్రం లక్ష్మీరాజం దాన్ని తానే కడిగాడు. పొద్దున్నే బొట్లు పెట్టడానికి కిందికి దిగి, ముందు చక్రం సందుల్లోంచి చూశాడు. లోపల తళతళలాడాల్సిన గుండ్రటి ఇనుప పళ్లెం ఎర్రబారి ఉంది. రాత్రికి రాత్రే తుప్పు! పండుగ పూట కూతురి బండికి తుప్పు!

పైకి వెళ్లి సీసా తెచ్చాడు. ఇనుప చువ్వకు గుడ్డ చుట్టి, నూనెలో ముంచి, చక్రం సందుల్లోంచి దూర్చి, ముందు రెండు చక్రాల పళ్లేలనూ తుడిచాడు. బండిని కాస్త ముందుకు తోసి మళ్లీ తుడిచాడు. వెనక చక్రాలకు పళ్లేలు కనిపించలేదు, మూసిన డబ్బాల్లా ఉన్నాయి. వాటికి బొట్టు మాత్రం పెట్టాడు. అంత శ్రద్ధగా చేశాడు మహానుభావుడు. కారు బ్రేకు ఎక్కడో లోపల, ఇంజను దగ్గర ఉంటుందని ఆయన అనుకున్నాడు.

పూజ అయింది. జమ్మి ఆకు పంచుకున్నాం, అలాయ్ బలాయ్ తీసుకున్నాం. దసరా నాడు శనగపిండి ఫాఫడా, జలేబీ తినకపోతే సూరత్‌లో ఉన్నట్టే కాదు కాబట్టి, కోమలి ‘నేను తెస్తా’ అని ఒక్కతే కారు తీసుకుని వెళ్లింది. చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. అందరం చప్పట్లు కొట్టాం.

వంతెన దిగే చోట ఫాఫడా దుకాణం. పండుగ కదా, రోడ్డు దాకా జనం. తన మోపెడ్ ఆనుకుని వరుసలో నిలబడి ఉంది జమున. మా పక్క వింగులోనే ఉంటుంది, చీరలకు రాళ్లు అతికించే పని చేసుకుంటుంది. ఖాళీ రోడ్ల మీద అంతదాకా గట్టిగా బ్రేకు తొక్కే పని పడని కోమలి కారు పై నుంచి వచ్చింది. ఆగలేదు. జనం చెదిరిపోయారు. జమున మాత్రం మోపెడ్‌ను పక్కకు లాగబోయింది. కారు ముక్కు మోపెడ్‌కు తగిలింది, మోపెడ్ జమున మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగింది.

“బ్రేక్ తొక్కిన! పెడల్ గట్టిగనే ఉన్నది, బండి ఆగలే! హ్యాండ్ బ్రేక్ గుంజిన, అప్పుడు ఆగింది!” అని కోమలి అక్కడే అరిచి అరిచి చెప్పింది.

ఎవరు నమ్ముతారు? కొత్తగా నేర్చుకున్న ఆడది. సాయంత్రానికి తీర్పు వచ్చేసింది: కంగారులో బ్రేకనుకుని ఎక్సిలేటరు తొక్కింది. ఇంకొందరు దానికి ఫోను కూడా తగిలించారు, మాట్లాడుతూ నడిపిందట. మంచంలో పడుకున్న జమున చెవిన ఆ ఫోను మాటే పడింది. కేసు పెట్టనని పెద్ద మనసుతో చెప్పింది గానీ కోమలి చూడ్డానికి వెళ్తే గోడవైపు తిరిగిపోయింది.

ఉధ్నా దగ్గర ఒక గారేజీకి కారును పంపారు. తీసుకురావడానికి శరత్‌కు కుదరలేదు. “నేను పోత అల్లుడా” అని లక్ష్మీరాజం బయల్దేరాడు. ఆటోలో దారి పొడవునా ఆయన కూతురి కోసం దేవుణ్ని ప్రార్థించాడట, బ్రేకులోనే ఏదో లోపం తేలాలని. దేవుడు విన్నాడు.

మెకానిక్ ముందు చక్రం ఊడదీసి ఉంచాడు. అప్పుడు మొదటిసారిగా లక్ష్మీరాజం ఆ పళ్లేన్ని మొత్తంగా చూశాడు. దానికి రెండు వైపులా రెండు పట్టీలు. పెడల్ తొక్కితే ఆ పట్టీలు పళ్లేన్ని అటూ ఇటూ బిగించి పట్టుకుంటాయి. ఎవరూ ఆయనకు వివరించనక్కర్లేకపోయింది. సాంచా బ్రేకును విప్పి బిగించిన చేతులు అవి.

“కాకా, డిస్క్ పే తేల్ కైసే ఆయా?” అని మెకానిక్ అడిగాడు. పట్టీలు నూనె పీల్చేశాయి, ఇక పనికిరావు, కొత్తవి వేశాను అన్నాడు. ఎక్కడన్నా కారుతోందేమోనని అంతా వెతికాడట, ఏమీ కారడం లేదు. మళ్లీ తానే, “టైర్లకు మెరుపు రావాలని స్ప్రే కొడతారు చూడు, అదే ఎగిరి పడి ఉంటుంది” అన్నాడు.

లక్ష్మీరాజం ఒక్క ప్రశ్న అడిగాడు, తుప్పు పడితే ఏం చెయ్యాలని.

మెకానిక్ నవ్వాడు. “జంగ్? కుఛ్ నహీ కర్నే కా, కాకా.” ఏమీ చెయ్యక్కర్లేదట, నీళ్లు తగిలితే ఆ పళ్లేనికి పొద్దుటికల్లా తుప్పు పట్టడం మామూలే. నాలుగుసార్లు బ్రేకు తొక్కితే అదే రాలిపోతుంది.

మెకానిక్‌తో కారు ఇంటికి పంపించి, తాను వెనకాల ఆటోలో వచ్చాడు. ఇంట్లో శరత్ అడిగాడు, “ఏమన్నడు మామా? బ్రేక్ ఖరాబ్ ఉండెనా?”

కోమలి వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ పిల్ల చూపు ఆయన నోటి మీదే ఉంది.

“ఏం లేదన్నడు. ప్యాడ్లు జర అరిగినయట, మార్చిండు. అంతే” అన్నాడు లక్ష్మీరాజం.

కోమలి లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఒక్క మాట దగ్గరే నాకు ఆయన మీద ఒళ్లు మండేది. నూనె పూయడం తెలియక చేసిన పని, దానికి ఎవరు మాత్రం ఏమంటారు? తెలిశాక బిడ్డ మొహం చూస్తూ అబద్ధం చెప్పడం వేరు. తర్వాత అడిగితే ఆయన చెప్పింది ఇది: “మాస్టర్ అని పేరున్నది టీచర్. అల్లుడి ముంగట గా పేరు ఒక్కటే ఉన్నది నాకు. గది పోతే గా ఇంట్ల ఎట్ల కూసుందు?” పరువు ఆయనది, పణం కోమలిది.

ఆ రోజు నుంచి లక్ష్మీరాజం పద్ధతి మారిపోయింది. రోజూ మేక కాళ్లు తెచ్చి, తానే కాల్చి కడిగి, సూప్ కాచి జమునకు పట్టుకెళ్లేవాడు. విరిగిన ఎముకకు అది మంచిదని మావాళ్ల నమ్మకం. జమున కట్టు కట్టిన కాలు కిందకు దిండు సర్దేవాడు, ఆమె మోపెడ్ బాగుచేయించాడు. నీళ్లు రాని పూట బిందెలు మోశాడు. చూసినవాళ్లు కరిగిపోయారు. కూతురు చేసిన తప్పుకు ముసలాయన ఎంత కష్టపడుతున్నాడో అన్నారు. నేనూ అన్నాను, సిగ్గు లేకుండా.

ఓ రోజు నేను అక్కడ ఉండగానే జమున గిన్నె అందుకుని ఆయనకు రెండు చేతులూ జోడించింది. “అన్నా, నీ బిడ్డ గా దినం ఫోన్ల పడి నా కాలు ఇరగ్గొట్టింది. నువ్వు దేవుని లెక్క చేస్తున్నవు. గా పోరికి నీ గుణం రాకపాయె.”

లక్ష్మీరాజం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మెట్లు దిగుతూ రెయిలింగు పట్టుకున్నాడు. నడుం నొప్పి అనుకుని నేను చెయ్యి ఇచ్చాను. తన చేయి వెనక్కి లాక్కున్నాడు, ఏదో మురికి నాకు అంటుతుందన్నట్టు.

కోమలి సంగతి నేను దగ్గర నుంచి చూశాను. కారు తాళం ముట్టుకోలేదు. మోపెడ్ కూడా మానేసింది. ల్యాబులో అడిగి కౌంటరు దగ్గర కూర్చునే పని మార్పించుకుంది. బయట తిరిగి నలుగురు ముసలివాళ్లతో కబుర్లు చెప్పి శాంపిళ్లు తెచ్చే పిల్ల, రసీదులు చింపి ఇస్తూ కూర్చుంది. మా ఇంటికి వచ్చి టీవీ చూస్తుంటే కుడికాలు కింద బండను అదుముతూ ఉండేది. తొక్కేది, ఆగేది, మళ్లీ తొక్కేది.

“టీచర్, బ్రేక్ తొక్కినట్టే యాదికున్నది నాకు. కానీ బాపు కూడా గారేజీల ఏం లేదన్నడట అని చెప్పిండు గదా. సబ్ లోగ్ గలత్, నేనొక్కదాన్నే సహీనా?” అని అడిగింది ఒకసారి. బాపు అబద్ధం చెప్పడని ఆ పిల్లకు ఎంత నమ్మకమంటే, తన కాలినే అబద్ధికురాలిని చేసేసింది.

చలి మొదలయ్యాక శరత్ కారు అమ్మకానికి పెట్టాడు. నడిపేవాళ్లు లేని కారు ఎందుకని అతని బాధ, అందులో తప్పు లేదు. ఒక ఆదివారం కొనేందుకు వరాఛా నుంచి ఒకాయన వచ్చాడు. ఆ పూట కోమలికి తోడుగా నేనూ అక్కడే ఉన్నాను. లక్ష్మీరాజం కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

వచ్చినాయన కిందికి దిగి కారును అటూ ఇటూ నడిపి చూసి, తాళం చేతిలో తిప్పుకుంటూ పైకి వచ్చాడు. బ్రేకులు కొత్తవాటిలా పట్టుకుంటున్నాయి, ఇంత మంచి బండి ఎందుకు అమ్ముతున్నారని హిందీలో అడిగాడు.

శరత్ ఇబ్బందిగా నవ్వి తల తిప్పుకున్నాడు. చెప్పింది కోమలి. టీ కప్పుల పళ్లెం పట్టుకుని నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా, “మేరీ గల్తీ థీ భాయ్. గాడీ అచ్ఛీ హై. మైఁనే హీ గలత్ పెడల్ దబాయా థా” అంది. బండి మంచిదే, తప్పు తనదేనట, తప్పు పెడల్ తానే తొక్కిందట.

ఊరంతా అన్నప్పుడు లక్ష్మీరాజం ఊరుకున్నాడు. జమున దండం పెట్టినా ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ మాట బిడ్డ నోటి నుంచే వచ్చింది, పాఠం అప్పజెప్పినట్టు. ఆయన స్టూలు మీద నుంచి లేచాడు. వంటగదిలోకి వెళ్లి, గ్యాసు బండ వెనక నుంచి సీసా, గుడ్డ చుట్టిన ఇనుప చువ్వ తెచ్చి టీపాయి మీద పెట్టాడు. గుడ్డకు ఎర్రటి తుప్పు మరక ఇంకా ఉంది. పారేయడానికి కూడా ధైర్యం చాలలేదు ఆయనకు.

“బిడ్డ బ్రేకే తొక్కింది” అన్నాడు. “దసరా పొద్దుగాల ముంగటి పళ్లేలకు తుప్పు కనబడ్డది. గీ నూనె నేనే రాసిన. గదే బ్రేకని నాకు తెల్వదు. హ్యాండ్ బ్రేక్ ఎనక చక్రాలను పట్టుకుంటదట, నేను నూనె రాయనియి గవే. అది గుంజబట్టే జమున పానం దక్కింది. గా తెలివి బిడ్డకే ఉండె, మాకెవ్వరికి లేకపాయె.”

శరత్ ఆ చువ్వకున్న గుడ్డను తిప్పి చూశాడు. కొనేందుకు వచ్చినాయనకు భాష అర్థం కాలేదు గానీ, మొహాలు అర్థమయ్యాయి. కప్పు కింద పెట్టేశాడు.

కోమలి పళ్లెం ఇంకా పట్టుకునే ఉంది. “అంటే నేను బ్రేకే తొక్కిన గదా బాపూ?” అంది, చిన్నపిల్ల గొంతుతో.

“బ్రేకే తొక్కినవు బిడ్డా.”

“గిది నీకెప్పుడు తెల్సింది?”

ఆ ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు. అన్నిటికన్నా దానికే భయపడ్డాడు. “గారేజీల” అన్నాడు.

“గారేజీల” అంది కోమలి. పళ్లెం దించింది. “అంటే ఆ దినం ఇంటికొచ్చి ఏం లేదన్నప్పుడే నీకు తెల్సు. నేను గుమ్మంల నిలబడి నీ దిక్కే చూసిన. రోజూ నీకు అన్నం పెట్టిన. నా కాలు మీద నాకే నమ్మకం పోయింది బాపూ, నువ్వు పక్కనే కూసోని చూసినవు.”

ఆయన క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు.

కోమలి ఆ వచ్చినాయన ముందుకు చేయి చాపింది. “చాబీ దేదో భాయ్. గాడీ నహీ బేచ్‌నీ.” బండి అమ్మేది లేదంటే ఆయన బుద్ధిమంతుడిలా తాళం ఇచ్చేశాడు.

పిల్ల కిందికి దిగి కారు స్టార్టు చేసింది. మేమంతా కిటికీ దగ్గర నిలబడి చూశాం. కారు కదలలేదు. వెనకాల ఎర్ర దీపాలు మాత్రం వెలిగాయి, ఆరాయి, మళ్లీ వెలిగాయి. బ్రేకు తొక్కుతోంది, వదులుతోంది. అది చూస్తూ లక్ష్మీరాజం గోడకు ఆనుకుని, నోటికి తువాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు.

కొంతసేపటికి కింద నుంచి కేక వినిపించింది. “బాపూ, దిగు. జమునక్క కాడికి పోదాం. నువ్వే చెప్పు.”

జమున ఇల్లు పక్క వింగే, నడిస్తే సరిపోతుంది. అయినా కోమలి ఆయన్ని కారులో కూర్చోబెట్టి, సొసైటీ చుట్టూ తిప్పి, మేడల మీద నుంచి అందరూ చూస్తుండగా జమున వాళ్ల మెట్ల దగ్గర ఆపింది. కారు ఆపినచోట ఆగింది. శరత్, నేను నడుచుకుంటూ వెళ్లాం.

ఆ రోజు ఆయన చేతిలో సూప్ గిన్నె లేదు. జమున మంచం దగ్గర నిలబడి, తుప్పు దగ్గర మొదలుపెట్టి గారేజీ దాకా, గారేజీ నుంచి ఆమె పెట్టిన దండం దాకా మొత్తం చెప్పాడు. సాంచా బ్రేకు తోలు మీద నూనె పడితే తాను పనివాళ్లను తిట్టిన తిట్లు కూడా చెప్పాడు. అది ఎవరూ అడగలేదు.

జమున కోమలి చేయి పట్టుకుని మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పుడు తలెత్తి ఆయన వైపు చూసింది.

“అన్నా, రేపటి సంది సూప్ నువ్వు తేకు. నీ బిడ్డతోని పంపు.”

“సరే” అన్నాడు లక్ష్మీరాజం.